పనిచేసిన కాలికే అన్నం

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరు తలచుకోగానే చాలామంది మందుల గురించి మాట్లాడతారు. క్యాన్సర్ మందులు, యాంటీబయోటిక్కులు, బోదకాలుకు ఇచ్చే మాత్రలు, ఇలా ఆ జాబితా పెద్దదే. నేను శరీరధర్మశాస్త్రం చెప్పుకుని బతికినదాన్ని. అందుకని ఆయన తొలిరోజుల పని దగ్గర మొదలుపెడతాను. అది కండరం గురించిన పని. ఈ హాల్లో వెనక వరసల్లో ట్రాక్‌సూట్లతో కూర్చున్న పిల్లలు రేపు తెల్లవారుజామున స్టార్టింగ్ బ్లాకు మీంచి లేచే క్షణానికీ, ఆయన వందేళ్ల కిందట లేబరేటరీలో చూసిన రసాయనానికీ నేరుగా సంబంధం ఉంది.

భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో, మద్రాసులో చదువుకున్న సుబ్బారావుగారు 1922 అక్టోబరు చివర్లో అమెరికాలోని బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేదు. హార్వర్డ్‌లో చదువుకుంటూ పొట్టపోసుకోవడానికి ఒక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల సేవ, శుభ్రం చేసే పని చేశారు. ఆయన ఆ ఊళ్లో అలా ఈదుతున్న రోజుల్లోనే, 1924 ఏప్రిల్‌లో, అదే బోస్టన్ వీధుల్లో మారథాన్ పరుగు జరిగింది. ఆ ఏడు కొందరు డాక్టర్లు గమ్యం దగ్గర సిరంజిలు పట్టుకుని నిలబడ్డారు. పరుగు ముగించి వచ్చినవాళ్ల రక్తం తీసి చక్కెర ఎంతుందో చూశారు. నిలదొక్కుకుని వచ్చినవాళ్లలో అది మామూలుగానే ఉంది. పాలిపోయి, చల్లటి చెమటలు పట్టి, అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేక తూలిపోతున్నవాళ్లలో చక్కెర బాగా పడిపోయి ఉంది. మరుసటి ఏడు, 1925లో, అవే డాక్టర్లు పరుగెత్తేవాళ్లకు ముందురోజు పిండిపదార్థాలు దండిగా తినమన్నారు, దారిలో చప్పరించడానికి మిఠాయి బిళ్లలు ఇచ్చారు. ఆ సొమ్మసిల్లడం చాలామటుకు లేకుండా పోయింది. తిండికీ పరుగుకూ ఉన్న లంకెను రక్తపరీక్షతో చూపిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి.

ఆ పని చేసిన డాక్టర్లకు కండరం లోపల ఏం జరుగుతోందో తెలిసే వీల్లేదు. ఆ సంగతి అదే ఊళ్లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరిన మన సుబ్బారావుగారి చేతికి చిక్కింది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని వాళ్లిద్దరూ 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తుంటే అంతకుముందు ఎవరి లెక్కలోకీ రాని పదార్థం ఒకటి బయటపడింది. కండరం పనిచేస్తే అది విరిగిపోతోంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ కూడుకుంటోంది. దానిపేరు ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. మరో రెండేళ్లకు, 1929లో, కణంలో చెల్లుబాటయ్యే శక్తి నాణెం ఏటీపీని కూడా వేరుచేసి చూపారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సమయంలో విడిగా దాన్ని కనుక్కున్నాడు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్మి, ఆ పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి కూడా ఇచ్చిన రోజులవి. ఆ నమ్మకం పునాది కదిలింది.

ఆటవాళ్లకు దీని అర్థం చెబుతాను. కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. దాన్ని వెంటవెంటనే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. అదీ గట్టిగా పది సెకన్లు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 130 కిలోలు పైకెత్తి నిలబెట్టింది. స్నాచ్‌లో ఎత్తిన 110తో కలిపి 240 కిలోలు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. బార్ నేలవిడిచి తలమీదకు చేరి స్థిరపడేదాకా ఆమె కండరాలు ఖర్చుపెట్టింది ప్రధానంగా ఈ నిల్వనే. మన కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు ఆ ఇంధనానికి పేరు పెట్టడం, ఇంకొకరు దానితో దేశానికి పతకం తేవడం నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది. ఆ సంగతి దాచుకోను.

పది సెకన్లు దాటిన ఆటలన్నీ వేరే కొట్టు మీద బతకాలి. ఆ కొట్టు గ్లైకోజెన్. మనం తిన్న అన్నం, రొట్టె, సంకటి చక్కెరగా మారి కండరాల్లో, కాలేయంలో ముద్దకట్టి నిల్వ ఉండే రూపం అది. మామూలు మనిషి కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో మరో 100 గ్రాములు పడుతుంది. లెక్కకడితే 2000 కేలరీలు. 60 కిలోల మనిషి కిలోమీటరు పరుగెత్తితే సుమారు 60 కేలరీలు ఖర్చు. కొవ్వు కొంత సాయం చేసినా, జోరుగా పోయేవాడికి ముప్పయ్యో కిలోమీటరు దాటేసరికి కొట్టు అడుగంటుతుంది. మారథాన్ పరుగెత్తినవాళ్లు ఆ దూరంలో కాళ్లు ఒక్కసారిగా సీసంలా బరువెక్కాయని చెప్పేది అందుకే.

ఇప్పుడు నా ఉపన్యాసానికి ఆయువుపట్టులాంటి ప్రయోగం చెబుతాను. దీన్ని తీరిగ్గానే చెబుతాను.

1966. స్వీడన్. యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ అని ఇద్దరు డాక్టర్లు. తొడ కండరంలోకి బోలుసూది దించి గోధుమగింజంత ముక్క తీసి పరీక్షించే పద్ధతి అప్పటికి వాళ్ల చేతిలో ఉంది. ఎవరి మీదో ఎందుకని తమమీదే ప్రయోగం పెట్టుకున్నారు. నిలిపి ఉంచిన ఒకే సైకిలుకు అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. ఒకాయన కుడికాలితో ఒక పెడలు, రెండో ఆయన ఎడమకాలితో రెండో పెడలు తొక్కారు. ఇద్దరికీ రెండోకాలు ఊరికే ఉంది. తొక్కే కాలు ఇక కదలనంతవరకు, కండరం నిల్వ ఖాళీ అయ్యేవరకు తొక్కారు. ఆ తర్వాత మూడురోజులు పిండిపదార్థాలు దండిగా ఉన్న భోజనం చేస్తూ రోజూ రెండు కాళ్లనుంచీ ముక్కలు తీశారు.

రెండు కాళ్లూ ఒకే మనిషివి. తిన్నది ఒకే కంచంలో. రెండింటికీ పారింది ఒకే రక్తం, ఒకే ఇన్సులిన్. అయినా ఊరికే ఉన్న కాలిలో నిల్వ పెద్దగా మారలేదు. పనిచేసి ఖాళీ అయిన కాలిలో మాత్రం నిల్వ మామూలు స్థాయిని దాటి దాదాపు రెట్టింపయింది.

ఈ ఫలితాన్ని ఏటా మొదటి సంవత్సరం విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను తర్వాతి పాఠంలోకి త్వరగా పోయేదాన్ని కాదు. ఎందుకంటే ఆహారం గురించి మనం అడిగే ప్రశ్నల్లో సగం తప్పుగా అడుగుతున్నామని ఇది చెబుతుంది. అన్నం మంచిదా చెడ్డదా అని అడుగుతాం. మంచిదో చెడ్డదో బియ్యం గింజలో రాసిలేదు. అది చేరే కండరం ఖాళీగా ఉందా, నిండుగా ఉందా అన్నదాన్ని బట్టి అది బలమవుతుంది, లేదా భారమవుతుంది. క్రీడాకారుల ఆహారం ఒక శాస్త్రం, చక్కెరవ్యాధి ఇంకో శాస్త్రం అని విడదీసి చదువుకోవడం మన సౌకర్యం కోసమే. అవి రెండూ ఆ స్వీడన్ డాక్టర్ల రెండుకాళ్లు. నేను ఈరోజు చెప్పదలుచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీని వివరణే.

మొదట పనిచేసిన కాలు సంగతి చూద్దాం. 1967లో బెర్గ్‌స్ట్రోమ్ బృందమే ఇంకో పరీక్ష చేసింది. మాంసం, కొవ్వే తిన్న రోజుల్లో గంటసేపు సైకిలు తొక్కలేనివాళ్లే పిండిపదార్థాలు దండిగా తిన్న రోజుల్లో దాదాపు మూడురెట్ల సేపు తొక్కగలిగారు. దూరపు పరుగుల్లో ప్రపంచాన్ని ఏలుతున్న కెన్యా కలెంజిన్ పరుగువీరుల శిబిరంలో వాళ్లు తినేవి తూకం వేసి చూసిన పరిశోధన 2004లో వచ్చింది. వాళ్ల శక్తిలో నాలుగింట మూడువంతులు పిండిపదార్థాలనుంచే వస్తోంది. మొక్కజొన్నపిండితో చేసే ఉగాలీ, అంటే దాదాపు మన సంకటి లాంటిది, అన్నం, బంగాళాదుంపలు, పాలుపోసిన తీపి టీ. ఇదీ వాళ్ల తిండి.

మరి మన హాస్టళ్లలో పదిహేనేళ్ల పరుగుపిల్లలు ఫోనులో వీడియోలు చూసి అన్నం మానేస్తున్నారు. గుడ్డులో పచ్చసొన పారేస్తున్నారు. బాగా బతికి, బొజ్జ పెరిగి, ఏసీ జిమ్ముకు పోయే నడివయసు మనిషికి చెప్పిన పథ్యం అది. రోజుకు రెండుపూటలా గ్రౌండులో ఉండే పిల్లకు అది విషం కిందే లెక్క. 50 కిలోల పిల్ల రెండుగంటల పైచిలుకు సాధన చేస్తే కిలో బరువుకు కనీసం ఆరు గ్రాముల చొప్పున 300 గ్రాముల పిండిపదార్థం కావాలి. బియ్యం లెక్కలో చెబితే దాదాపు 400 గ్రాములు. అదంతా బియ్యంలోనే రానక్కర్లేదు. రాగులు, జొన్నలు, అరటిపండు, బెల్లం, అన్నీ కలిపి రావాలి. కానీ రావాలి.

అన్నం తినే జాతి అని మనల్ని తక్కువచేసి మాట్లాడటం కొత్తేం కాదు. నీలగిరుల్లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు దేశంలో ఒక్కో ప్రాంతం వాళ్లు తినే తిండిని ఎలుకలకు పెట్టి చూశాడు. పంజాబు సిక్కుల తిండి తిన్న ఎలుకలు బలంగా పెరిగాయి, మద్రాసువాళ్ల తిండి తిన్నవి అన్నిటికంటే గిడసబారాయి. దాన్ని పట్టుకుని బియ్యాన్ని తిట్టినవాళ్లు చాలామంది. ఆయన చూపించింది వేరు. తవుడంతా పోయేలా పాలిష్ పట్టిన బియ్యం, దానిపక్కన పాలు లేవు, పప్పు తక్కువ, కూర తక్కువ. లోపం అక్కడుంది. 1918లో కూనూరులో బెరిబెరి విచారణగా మొదలైన ఆయన పనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అన్నం పక్కన ఏముండాలో ఆ సంస్థ అప్పటినుంచీ చెబుతూనే ఉంది.

ఇక ఊరికే ఉన్న కాలు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లమందికి పైగా చక్కెరవ్యాధి ఉంది. పెద్దవాళ్లలో ఇది 11.4 శాతం. మన దేశస్థుల శక్తిలో 60 శాతానికి పైగా పిండిపదార్థాలనుంచే వస్తోంది. కెన్యా వీరుల నిష్పత్తికంటే ఇది తక్కువే. మరి వాళ్లకు పతకాలూ మనకు ఇన్సులిన్ సూదులూ ఎందుకంటే, వాళ్ల కొట్టు రోజూ ఖాళీ అవుతుంది, మనది నిన్నటి సరుకుతో నిండే ఉంటుంది. నిండిన కొట్టులోకి ఇన్సులిన్ ఎంత తోసినా సరుకు పోదు. రక్తంలో నిలబడుతుంది, కాలేయంలో కొవ్వుగా మారుతుంది. మా తాతల తరం పెట్టిన భోజనాల ఒడుపును మనం తప్పుబట్టడం న్యాయం కాదు. మడిలో రోజంతా వంగిన మనిషికి వండిన కంచం అది. మడి పోయింది, కంచం మిగిలింది. పైగా అందులో పప్పు పలచబడింది, ఆకుకూర తగ్గింది, వరుగులు, ఊరగాయలు పోయి ప్యాకెట్ చిరుతిళ్లు వచ్చాయి.

ఇక్కడ ఒక మంచి కబురు కూడా చెప్పాలి. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ పిలుపుకోసం ఎదురుచూడదు. తనంతట తనే తలుపులు తెరిచి రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటుంది. చక్కెరవ్యాధి ఉన్నవాళ్లలో కూడా ఆ తలుపు పనిచేస్తుంది. రాత్రి భోజనం చేశాక పావుగంట వీధిలో నడిస్తే చక్కెర అంతగా ఎగబాకకపోవడానికి కారణం అదే. ఈ హాల్లో ముందువరసల్లో కూర్చున్న మా ఈడువాళ్లకు చెబుతున్నాను. తెల్లన్నం సగం తగ్గించి, ఆ సగంలో పప్పు, కూర పెంచి, భోజనం కాగానే టీవీ ముందు కూలబడకుండా లేచి నడవండి.

ఇప్పుడు మూడో సంగతి. కాలు పనిచేస్తోంది, కానీ కంచంలో సరిపడా లేదు. నా మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్నది ఇదే.

ఉద్యోగవిరమణ తర్వాత నేను ఒక క్రీడా హాస్టలుకు వారంవారం వెళ్లేదాన్ని. దాని పేరు అవసరం లేదు, అలాంటివి చాలా ఉన్నాయి. అక్కడ పదహారేళ్ల అమ్మాయి ఒకతె 800 మీటర్లు పరుగెత్తేది. ఏడాదిగా ఆమె టైమింగ్ దిగజారుతోంది. కోచ్‌గారు బద్ధకమనుకున్నారు. ఇంకా నాలుగు రౌండ్లు ఎక్కువ వేయించారు. ముంగాలి ఎముక నొప్పి అంటే బూట్లు మార్పించారు. నేను ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఏం తిన్నావమ్మా అని అడిగాను. పొద్దున అయిదింటికి టీ, రెండు బిస్కెట్లు. ఏడున్నర దాకా ప్రాక్టీసు. తొమ్మిదిన్నరకు బడిలో ఉప్మా. మధ్యాహ్నం అన్నం, నీళ్ల సాంబారు, తినగానే మళ్లీ టీ. సాయంత్రం ప్రాక్టీసు. రాత్రి రెండు చపాతీలు.

"రాత్రి అన్నం తినవా?"

"తింటే లావైపోతానని మా సీనియర్ అక్క చెప్పింది మేడమ్. కోచ్ సారు వారంవారం అందరి ముందూ బరువు చూసి చదువుతారు."

నెలసరి గురించి అడిగితే తలదించుకుంది. అయిదునెలలుగా రావడంలేదు. ప్రాక్టీసు బాగా చేసేవాళ్లకు ఆగిపోతుందట, అది మంచి లక్షణమేనట. ఈ మాట ఆ పిల్ల ఒక్కదాని నోట విన్నది కాదు. రాష్ట్రం దాటినా గ్రౌండులో ఆడపిల్లలు ఒకరికొకరు చెప్పుకునే మాట ఇది.

అది మంచి లక్షణం కాదు. శరీరం దివాలా తీసిందని పెట్టిన నోటీసు అది. సాధనకు పోయిన శక్తి తీసేయగా మిగిలిన దానితోనే గుండె కొట్టుకోవాలి, ఎముక పెరగాలి, రక్తం తయారవ్వాలి, నెలసరి నడవాలి. మిగిలింది చాలకపోతే శరీరం ముందుగా వాయిదా వేసేది సంతాన వ్యవస్థను. ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఎముక గట్టిపడాల్సిన వయసులో గుల్లబారుతుంది. ఆమె ముంగాలి నొప్పి ఎముకలో సన్నని పగులు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితిని గుర్తించి, ఆడవాళ్లకే కాక మగ క్రీడాకారులకూ వస్తుందని హెచ్చరించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన జిల్లా స్టేడియాల్లో ఈ మాట తెలిసిన కోచ్‌లు నాకు కొద్దిమందే కనిపించారు.

ఆ అమ్మాయి రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది. ఇదీ వింత కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఊపిరితిత్తులు లాగిన గాలిని కాళ్లదాకా మోసేది హిమోగ్లోబిన్. అది తొమ్మిదికి పడితే 800 మీటర్లలో రెండో రౌండు ఎలా లాగగలదు? బద్ధకమనే మాట అక్కడ ఎంత క్రూరమైనదో చూడండి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలు ఆమె ట్రంకుపెట్టె అడుగున కాగితం సంచిలో అలాగే ఉన్నాయి. కడుపులో వికారమని మింగలేదట. ఆ మాత్రలో ఇనుముతోపాటు ఉండే ఫోలిక్ యాసిడ్‌ను కాలేయం నుంచి వేరుచేసి, 1945లో కృత్రిమంగా తయారుచేసి చూపింది లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందమే. ఆయన ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో చనిపోయారు. తిన్నది పేగుల్లో ఒంటబట్టక మనిషి శుష్కించి పోయే జబ్బు అది. ఫోలిక్ యాసిడ్ దానికి కూడా మందయింది. ఆ మనిషి దుఃఖం నుంచి పుట్టిన మాత్ర మన పిల్లల ట్రంకుపెట్టెల్లో మింగకుండా పడి ఉండటం నాకు సహించలేని సంగతి.

ఏం చేశామంటే, పెద్ద మాయేమీ లేదు. తెల్లవారి టీతోపాటు అరటిపండు, పల్లీపట్టీ. ప్రాక్టీసు ముగిసిన అరగంటలో రాగిజావ, రెండు గుడ్లు. భోజనం తర్వాత టీ బంద్, ఎందుకంటే టీ కూరలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. దాని బదులు కంచంలో నిమ్మచెక్క, అది ఇనుమును పట్టనిస్తుంది. మాత్ర ఖాళీ కడుపున కాక రాత్రి భోజనం తర్వాత. పరుగు పూర్తిగా ఆపి ఎముకకు విశ్రాంతి. ఆమె పతకం గెలిచిందని చెప్పను. నెలలు పట్టింది, నెలసరి తిరిగొచ్చింది, నొప్పి పోయింది, మళ్లీ పరుగు మొదలుపెట్టింది.

బరువు తగ్గించుకునే ఆటల గురించి క్లుప్తంగా. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ ముందురోజు మూడు కుస్తీలు గెలిచి, ఫైనల్ రోజు పొద్దున 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైంది. దేశమంతా ఆ 100 గ్రాముల గురించి బాధపడింది. ఆ ముందురాత్రి ఆమె శరీరం పడ్డ కష్టం గురించి ఎంతమంది ఆలోచించారు? 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ పిల్లలు చెమటపట్టించి నీరు తగ్గించుకునే ప్రయత్నంలో కొద్దివారాల తేడాలో చనిపోయారు. తర్వాతే అక్కడ నియమాలు మారాయి. శరీర బరువులో రెండు శాతం నీరు పోతేనే ఆట మందగిస్తుంది. అలాగని అతిగా తాగడమూ మేలు కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించినవాళ్లలో 13 శాతం మందికి రక్తంలో సోడియం ఉండాల్సినదానికంటే పలచబడి ఉంది. దారిపొడవునా నీళ్లు అతిగా తాగడం అందుకు పెద్ద కారణం. మన మే నెల ఎండలో ఉప్పు వేసిన పలచటి మజ్జిగను మించిన పానీయం నాకు తెలియదు.

డబ్బాల్లో అమ్మే పొడుల గురించి ప్రతిచోటా అడుగుతారు కాబట్టి చెబుతాను. 50 కిలోల పిల్లకు రోజుకు 80 గ్రాముల మాంసకృత్తులు కావాలనుకుందాం. పైన చెప్పిన బియ్యం, రాగుల్లోంచే 28 గ్రాముల దాకా వస్తాయి. 75 గ్రాముల కందిపప్పులో 16, రెండు గుడ్లలో 12, రెండు గ్లాసుల పాలల్లో 13, గుప్పెడు పల్లీల్లో 7. లెక్క దాదాపు తేలిపోయింది, ఇంకా పెరుగు కలపలేదు. డబ్బా అక్కర్లేదు. పైగా వాటిలో కొన్నింటిలో నిషేధిత పదార్థాలు కలిసి ఉంటాయి. ఏమీ తెలియని పిల్లలు డోపింగ్ పరీక్షలో దొరికిపోతారు. వీటిలో నిజంగా పరీక్షలకు నిలిచినవి కొన్నే. క్రియాటిన్ వాటిలో ఒకటి, అంటే సుబ్బారావుగారు కండరంలో చూసిన పదార్థంలోని సగమే. రోజుకు మూడు నుంచి అయిదు గ్రాములు, పెద్దవాళ్లయిన, బలప్రధానమైన ఆటలవాళ్లకు, డాక్టరు సలహాతో. కడుపునిండా తినని పిల్లకు అది ఏ మేలూ చేయదు.

పుల్లెల గోపీచంద్ 2001లో బ్యాడ్మింటన్‌లో ఆల్ ఇంగ్లాండ్ గెలిచి వచ్చాక శీతల పానీయాల ప్రకటన వద్దన్నారు. అప్పట్లో అది చాలా పెద్ద డబ్బు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు తన శిష్యురాలు పి.వి. సింధుకు ఇష్టమైన తియ్యపెరుగు, ఐస్‌క్రీం మాన్పించానని, పతకం వచ్చాక ఇక తినొచ్చని ఆయనే చెప్పారు. వార్తల్లో ఐస్‌క్రీం కథే మిగిలింది. నాకు గుర్తుండేది వేరు. తన శిష్యురాలు రోజూ ఏం తింటోందో ఆ గురువుకు తెలుసు. మన రెండు రాష్ట్రాల్లో వందల గ్రౌండుల్లో కోచ్‌కు తన పిల్లలు ఏం తిన్నారో తెలియదు.

ఆంధ్రలో బడి భోజనానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా వండిపెట్టిన తల్లి ఆమె. గుడ్డు, చిక్కీ, రాగిజావ ఇప్పుడు బడిలోకి వచ్చాయి. అది చాలా పెద్ద మేలు, మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే బడి భోజనం మధ్యాహ్నం వస్తుంది. గ్రౌండు పిల్లకు ఆకలి పొద్దున ఏడున్నరకు వేస్తుంది.

అందుకని ఈ ఉపన్యాసం ఏర్పాటుచేసిన నిర్వాహకులకూ, ఇక్కడున్న క్రీడాశాఖ అధికారులకూ నావి కొన్ని అభ్యర్థనలు. ఆడపిల్లలందరికీ ఆరునెలలకోసారి హిమోగ్లోబిన్, వీలైతే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. నెలసరి ఆగితే చెప్పుకోవడానికి ఒక ఆడమనిషిని, నర్సయినా సరే, హాస్టలుకు కేటాయించండి. బరువు యంత్రాన్ని గ్రౌండులోంచి తీసి గదిలో పెట్టండి, అంకె ఆ పిల్లకూ కోచ్‌కూ తప్ప మూడోవాళ్లకు వినపడకూడదు. మెస్ ఛార్జీలు సాధన చేసే పిల్లల లెక్కన ఇవ్వండి, మామూలు హాస్టలు లెక్కన కాదు. పొద్దున ప్రాక్టీసు అయిన అరగంటలో తిండి పెట్టకుండా బడికి పంపకండి. ఇంకొకటి. నెలనెలా జరిగే కోచ్‌ల సమావేశానికి వంట చేసే అమ్మను కూడా పిలిచి కుర్చీ వేయండి. ప్రాక్టీసు ఎన్నింటికి ముగుస్తుందో, రేపు ఎవరికి పోటీ ఉందో, ఎవరు రెండురోజులుగా కంచంలో వదిలేస్తున్నారో ఆ గదిలో అందరికంటే ముందు తెలియాల్సింది ఆమెకు. ఆమె జీతం ఎన్ని నెలలుగా రాలేదో కూడా ఆరోజు అడగండి.